పార్కు చెరువు దగ్గర పది నిమిషాలు

కండక్టరన్న ఇక లేడన్న సంగతి నాకు బస్సులోనే తెలిసింది. పోయిన నెల ఒక సోమవారం పొద్దున చిత్తూరు బస్టాండులో పలమనేరు బస్సెక్కి, ఎప్పటిలాగే ఎడమవైపు మూడో సీటులో కూర్చుని సంచి ఒళ్ళో పెట్టుకున్నాను. డ్రైవరన్న తన సీటెక్కకుండా చుట్టూ తిరిగొచ్చి నా కిటికీ కింద నిలబడ్డాడు. ఆయన నోటినుంచి రోజుకు నాలుగు మాటలు వస్తే ఎక్కువ. "మన కండక్టరు పొయినాడు మా. నిన్న సాయంత్రం. కాఫీ తాగి గ్లాసు కింద పెట్టినాడంట, అంతే," అన్నాడు. పోయి ఇంజను స్టార్టు చేశాడు. ఘాటు ఎక్కేదాకా నాకు ఏడుపు రాలేదు. పార్కు చెరువు కనబడగానే వచ్చింది, దాని వెనకే నవ్వూ వచ్చింది. పక్కసీటు ఆమె నన్ను ఒకలా చూసి కాస్త జరిగి కూర్చుంది. ఆమె తప్పేం లేదు, ఆయన్ను తలుచుకుంటే ఎవరికైనా రెండూ కలిసే వస్తాయని ఆమెకేం తెలుసు?

ఆయన గురించి తెలియనివాళ్ళకు చెప్పాలి. తిరుపతిలో పొద్దున్నే బయల్దేరి చిత్తూరు మీదుగా పలమనేరు పోయే సర్కారు బస్సుకు ఆయన కండక్టరు. ఘాటు ఎక్కేసరికి ఇంజను కుతకుతలాడేది. పైకి చేరగానే రోడ్డు పక్కన ఒక పెద్ద చెరువు. పంచాయతీవాళ్ళు దాని గట్టున పూలమొక్కలు పెట్టి, సిమెంటు బెంచీలు వేసి, రెండు తెడ్ల పడవలు తెప్పించడంతో జనం దాన్ని పార్కు చెరువు అనడం మొదలుపెట్టారు. ఆదివారమైతే చుట్టుపక్కల ఊళ్ళనుంచి కుటుంబాలకు కుటుంబాలు క్యారియర్లు పట్టుకుని దిగేవి. మామూలు రోజుల్లో మా బస్సు అక్కడ పది నిమిషాలు ఆగేది. డ్రైవరన్న రేకు డబ్బాతో నీళ్ళు తెచ్చి ఇంజనుకు పోసేవాడు. ఆలోగా తిరుపతినుంచి వస్తున్న గుండ్లవాళ్ళు, తలలమీద గంధం ఇంకా ఆరకముందే, గట్టున కూర్చుని పులుసన్నం పొట్లాలు విప్పేవాళ్ళు. మలుపులో మజ్జిగవ్వ కుండ పెట్టుకుని కూర్చునేది. ఘాటులో కడుపు తిప్పినవాళ్ళంతా ఆమె పోసే ఉప్పు మజ్జిగ తాగి మళ్ళీ మనుషులయ్యేవాళ్ళు.

పది నిమిషాలు కాగానే విజిల్ మోగేది, బస్సు కదిలేది. ఇస్తరాకులు, పొట్లం కాగితాలు, పగిలిన సోడా సీసాలు, పాత గుడ్డలు, అప్పుడప్పుడే మా వైపు వస్తున్న ప్లాస్టిక్ కవర్లు మాత్రం బస్సెక్కకుండా గట్టుమీదే ఉండిపోయేవి. గాలికి కొన్ని నీళ్ళలోకి దిగి ఒడ్డు పొడుగునా అట్టకట్టేవి. పడవ షికారుకు వచ్చినవాళ్ళు ముక్కు మూసుకుని పడవెక్కడం నేను చూశాను.

చూడటమేమిటి, నా వాటా నేనూ వేశాను. దాచి లాభం లేదు, ముందే ఒప్పుకుంటాను. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. పలమనేరు పాల కేంద్రంలో పాలల్లో వెన్న ఎంతుందో పరీక్ష చేసే ఉద్యోగం కొత్తగా వచ్చింది. ఉద్యోగస్తురాలినని కాస్త పొగరు కూడా వచ్చింది. ఒకరోజు హాల్టులో బస్సు దిగకుండానే ఇడ్లీ పొట్లం తినేసి, ఆకు కిటికీలోంచి పారేశాను. కండక్టరన్న కిందే నిలబడి ఉన్నాడు. వంగి ఆ ఆకు తీసి, రెండు చేతులతో పట్టుకుని బస్సెక్కి, నా ముందు పెట్టాడు.

"మా, నీ సామాను పడిపోయింది."

"అది సామాను కాదు, ఎంగిలాకు," అన్నాను.

"ఇడ్లీ ఉండేటప్పుడు నీదే గదా మా. ఇంతలోనే ఎవురిదైపాయ?"

బస్సు బస్సంతా నవ్వింది. గుండ్లవాళ్ళయితే మరీ. నేను మొహం మాడ్చుకుని ఆ ఆకు సంచిలో పెట్టుకున్నాను. పాల కేంద్రం చేరేసరికి సంచీ, అందులోని చీటీలూ, చేతిరుమాలూ అన్నీ అల్లం పచ్చడి వాసన. ఆ తర్వాత వారం పాటు ఆయన టికెట్టు ఇస్తుంటే మొహం కిటికీవైపు తిప్పుకునేదాన్ని. ఆయన మాత్రం రోజూ, "మా, ఈ పొద్దు సామానంతా బద్రమేనా?" అని అడిగేవాడు.

ఆయన మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. చెవి మీద పెన్సిలు, మెడలో నల్లతాడుకు విజిల్, ఇస్త్రీ మడత చెదరని ఖాకీ చొక్కా. నోరు మాత్రం ఊరుకునేది కాదు. ముసలివాళ్ళు ఎక్కుతుంటే, "నిదానం పెద్దమ్మా, బస్సు నీదే, నేనూ నీవాణ్ణే," అనేవాడు. బస్సులో ఏదైనా మర్చిపోయి దిగిపోతే ఊరు దాటేలోగా పేరు కనుక్కుని చేరవేసేవాడు. గొడుగులు, చెప్పులు, ఒకసారి ఒక బతికున్న కోడి. "దిగినోడు ఊరికే దిగడు మా, ఏదో ఒకటి ఇడిసిపెట్టి పోతాడు. అది సూసుకునేదే కండక్టరు పని. టికెట్లు కొట్టేది ఎవురైనా కొడతారు," అనేవాడు. ఈ మాట తర్వాత ఎన్నిసార్లు విన్నానో.

ఒక శుక్రవారం హాల్టులో పంచాయతీ మనిషి వచ్చి ఆయన చేతిలో ఒక కాగితం పెట్టాడు. ప్రెసిడెంటుగారి మాట అందులో ఉంది. బస్సులవాళ్ళ వల్ల చెరువు పాడైపోతోంది, నెల రోజుల్లో గట్టు బాగుపడకపోతే ఇక్కడ బస్సులు ఆపనివ్వం, చుట్టూ ముళ్ళకంచె వేస్తాం అని. డిపోలో చూపిస్తే, ఆపకపోతే పది నిమిషాలు కలిసొస్తాయి కదా అన్నారట. మర్నాడు శనివారం హాల్టులో కండక్టరన్న ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని మజ్జిగవ్వ దగ్గరికి వెళ్ళి గొంతుక్కూర్చున్నాడు. బస్సాగడం ఆమెకు బతుకు. ముందూ వెనకా ఎవరూ లేని మనిషి, ఆ కుండే ఆమెకు పొలమూ పుట్రా.

"బస్సు ఆపకుంటే నేనేమైపోవాల్నప్పా?" అంది అవ్వ. కోపంగా కాదు, నిజంగానే ఆయనకు తెలుసేమో అన్నట్టు అడిగింది.

"ఆగుతాది అవ్వా. నేనుండాను గదా," అన్నాడు ఆయన. అన్నాక, ఆ మాట ఎట్లా నిలబెట్టుకోవాలో తనకే తెలియనట్టు బస్సులోకి చూశాడు. కిటికీలోంచి నేను కనబడ్డాను. చప్పున మొహం తిప్పుకున్నాను కానీ, అప్పటికే ఆలస్యమైపోయింది.

బస్సు కదలకముందే లోపల నిలబడి ప్రకటించాడు. "రేపు ఆదివారం. నాకు సెలవు, డ్రైవరుకు సెలవు. మేమిద్దరం ఈడికొచ్చి గట్టు బాగుసేస్తా ఉండాం. వచ్చేటోళ్ళు రావచ్చు. గోనెసంచి ఉంటే తెచ్చుకోండి. సల్ల మాత్రం అవ్వే పోస్తాది." అవ్వ కిందనుంచి, "నన్నడిగినావా?" అని కేక వేసింది.

నేనెందుకు వెళ్ళానంటే, మంచితనంతో అని రాయాలనే ఉంది. కానీ వెళ్ళింది పంతానికి. నాకు ఎంగిలాకు ఎత్తడం చేతకాదనుకుంటున్నాడేమో, చూపిద్దామని. ఆ మొదటి ఆదివారం మేం ఐదుగురం. కండక్టరన్న, డ్రైవరన్న, చిత్తూరు బజారులో మిషను కుట్టే టైలరన్న, చర్చిలో పొద్దుటి ప్రార్థన ముగించుకుని తెల్లచీరలోనే వచ్చేసిన ఒక స్కూలు టీచరమ్మ, నేను. నేను గట్టు పొడుగు చూశాను. ఈ ఐదుగురికి ఇది ఏ జన్మకు అవుతుంది?

ఖాకీ ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి కండక్టరన్న నాలుగు గోనెసంచులు గట్టున వరసగా నిలబెట్టాడు. బొగ్గుముక్కతో ఒక్కోదానిమీద ఒక్కో ఊరి పేరు రాశాడు. గుడ్డపేలికలకు నగరి. ఎందుకంటే నేతవాళ్ళ ఊరు, గుడ్డ ఏదైనా అక్కడిదే. సీసాలకు, గాజు పెంకులకు మద్రాసు, అవి కొనే బేరగాళ్ళు అక్కడివాళ్ళే. ఇస్తరాకులకు పలమనేరు, అక్కడి పాడిరైతుల ఎరువుదిబ్బల్లోకి అవి పోతాయి. ఇక ఎవరికీ పనికిరాని ప్లాస్టిక్ కవర్లు, తెగిన చెప్పులు, గట్టు వెనక గుంత తీసి పూడ్చాల్సినవన్నీ ఏర్పేడు.

"ఏర్పేడు ఏం పాపం చేసిందన్నా?" అని టీచరమ్మ అడిగింది.

"అది మా అత్తగారి ఊరు మా. ఏమిచ్చినా తీసుకుంటారు. నన్నే తీసుకున్నారు గదా."

ఆ తర్వాత మొదలుపెట్టాడు, బస్టాండులో అరిచినట్టే, గట్టు దద్దరిల్లేలా. "నగరి నగరి నగరి! ఎక్కాలమ్మా ఎక్కాల! మద్రాసోళ్ళు జాగర్త, కాళ్ళు సేతులు కోసుకుంటాయి! ఎవురది, ఆ సీసా, టికెట్టు లేకుండా తుంగలో దాక్కోనుండేది? పలమనేరు సీట్లు ఖాళీ, పలమనేరు!" చెత్త అన్న మాట ఆయన నోట నేను వినలేదు. అన్నీ ప్యాసింజర్లే. మేం ఒక పేలిక తీస్తే, "నగరీ ఒకటి!" అని అరవాలి, ఆయన విజిల్ ఊదాలి. గంట గడిచేసరికి టైలరన్న, టీచరమ్మ పోటీలు పడి అరుస్తున్నారు. షికారుకు వచ్చిన కుటుంబాలు ముందు నవ్వుతూ చూశాయి, తర్వాత చీరకొంగులు దోపుకుని దిగాయి. ఒక పట్టుచీర ఆమె నీళ్ళలోంచి తడిసిన చాప ఒకటి లాగి, ఇది ఏ బస్సు అని అడిగింది. ఆయన తల గోక్కుని, "లగేజీ మా, టాపు మీదికి," అన్నాడు. నాకు పంతం ఎప్పుడు పోయిందో తెలియలేదు. నా జీవితంలో అంత నవ్విన రోజులు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

మధ్యాహ్నం అవ్వ అందరికీ మజ్జిగ పోసింది. అన్నేళ్ళుగా రోడ్డు పక్కన కూర్చున్న ఆ మనిషి ఒక్కసారీ బస్సెక్కలేదట. ఎందుకని అడిగితే, "దిగినోళ్ళకు సల్ల పోసేదానికే పొద్దు సాలదు, నేనెక్కేదెప్పుడు?" అంది. కండక్టరన్న గట్టుమీద మమ్మల్నందరినీ నిలబెట్టి, బస్సులో చేసినట్టే తలలు లెక్కపెట్టి, "అందరూ ఉండారు, రైట్ రైట్!" అన్నాడు. వచ్చిన దానికి ఒకరూ తక్కువ కాకుండా ఇళ్ళకు పంపడం ఆయనకు అలవాటు.

రెండో ఆదివారం పదిమందిమి అయ్యాం, మూడో ఆదివారం అంతకు రెట్టింపు. గట్టు మెరిసింది. నాలుగో ఆదివారం ప్రెసిడెంటుగారు స్వయంగా చూడటానికి వస్తారని కబురొచ్చింది. ఆ హుషారులోనే మేం గొప్ప పని ఒకటి చేశాం.

ఒడ్డుకు కాస్త లోపల, నీళ్ళలో అక్కడక్కడ తుమ్మకంప కుప్పలు ఉండేవి. కొమ్మలు సగం మునిగి, సగం పైకి లేచి, వాటిమీద గుడ్డపేలికలు చిక్కుకుని చూడ్డానికి అసహ్యంగా ఉండేవి. ఎవరో కొట్టి పారేశారనుకున్నాం. ఎప్పుడూ నోరు విప్పని డ్రైవరన్న ఆ రోజే విప్పాడు. "ప్రెసిడెంటు సూస్తే బాగుండదు," అన్నాడు. అంతే. తాళ్ళు తెచ్చాం. ముళ్ళు గుచ్చుకుని చేతులు రక్తాలవుతుంటే, టీచరమ్మ పాటెత్తుకోగా, అందరం వరసలో నిలబడి ఒక్కో కుప్పే లాగాం. కండక్టరన్న దానికి "స్పెషల్ బస్సు" అని పేరు పెట్టాడు. సాయంత్రానికి నీళ్ళు అద్దంలా తేటగా కనబడ్డాయి. కంపంతా అవ్వకు శనక్కాయలు ఉడకేసుకోవడానికి కట్టెలుగా ఇచ్చేశాం. ఆ రాత్రి నేను అరచేతులకు పసుపు పెట్టుకుని, ఎంతో పుణ్యం చేసినట్టు నిద్రపోయాను.

బుధవారం పొద్దున బస్సు ఘాటెక్కి ఆగబోతుంటే, రోడ్డుకు అడ్డంగా ఒకాయన నిలబడ్డాడు. చెరువులో చేపలు పట్టుకునే హక్కు పంచాయతీ దగ్గర వేలంలో పాడుకున్న బెస్తవాళ్ళ పెద్ద ఆయన. ఆ ఆదివారం వాళ్ళంతా చేపలు తీసుకుని సంతకు పోయి ఉన్నారు.

"ఎవురప్పా మా కంప పీకింది?" అన్నాడు.

బస్సులో ఆ పని చేసినవాళ్ళం నలుగురం ఉన్నాం. నేను సంచిలో ఏదో వెతుక్కోవడం మొదలుపెట్టాను. కండక్టరన్న మాత్రం తడుముకోకుండా మెట్లు దిగి, "నేనే పీకినా," అన్నాడు.

"అది ఎందుకేసినామో తెలుసునా నీకు? దొంగోళ్ళు వచ్చి వల లాగితే చిక్కుకోనికి. కంప ఉంటే వల తెగుతాది, సేప ఆ సందుల్లో దాక్కుంటాది. నువ్వు పీకిన మర్నాడే వచ్చినారు. మీరు పైన శుభ్రం సేసినారు, వాళ్ళు అడుగు శుభ్రం సేసినారు. ఎండకాలానికని పెంచుకున్న సేపంతా పాయ."

ఎవరూ నవ్వలేదు. పెద్దాయన గొంతు తగ్గించి, "ఆదివారం ప్రెసిడెంటు వస్తాడంట గదా. నేనూ వస్తా. ఈ బస్సోళ్ళను ఈడ ఆపనియ్యొద్దని సెప్తా," అన్నాడు. వెనక మజ్జిగవ్వ గరిటె కుండలో వదిలేసి నిలబడిపోయింది. ఆమె మొహం నాకిప్పటికీ గుర్తే. ఆమె కోసమని మొదలుపెట్టిన పని, ఆమె పొయ్యిలోకే పోయిన ఆ కంప, చివరికి ఆమె హాల్టునే ఎత్తేసేలా ఉంది.

కండక్టరన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వాదించలేదు. మాకు తెలియదనీ అనలేదు. "తప్పు నాదేప్పా. అడగాల్సింది, అడగలేదు. ఆదివారం దాకా టైమియ్యి. యాడ తీసినానో ఆడనే మళ్ళా పెడతా," అన్నాడు. "నువ్వు పెడతావా?" అని పెద్దాయన ఆయన ఇస్త్రీ చొక్కాను పైనుంచి కిందిదాకా చూశాడు. బస్సు కదిలాక నేను, "మేమూ లాగాం కదా, మా పేర్లెందుకు చెప్పలేదు?" అని అడిగాను. "బండి తప్పుదోవ పడితే ప్యాసింజర్లనా మా అడిగేది?" అన్నాడు.

ఆ ఆదివారం తెల్లవారకముందే వచ్చి చేల గట్లమీద కొత్త తుమ్మకంప కొట్టాం. లారీ ట్యూబులకు గాలి కొట్టించి వాటిమీద కంప ఎక్కించి నీళ్ళలోకి తోశాం. పెద్దాయన గట్టుమీద నిలబడి చెయ్యి చూపిస్తుంటే, కండక్టరన్న గొంతుదాకా నీళ్ళలో దిగి ఒక్కో కుప్పనీ అడుగులో రాళ్ళతో కూరి పెట్టాడు. ఆయనకు ఈత రాదు. ఆ సంగతి అందరికన్నా ముందు పెద్దాయన కనిపెట్టాడు. కాసేపు చూసి, పంచె ఎగ్గట్టి తానూ దిగి, ఈయన పక్కనే నిలబడ్డాడు. "ఇంకొంచెం లోనికి. అట్ల కాదప్పా, మొదలు కిందికి," అంటూ మొదలుపెట్టి, కాసేపటికి, "జాగర్తప్పా, ఆడ గుంత ఉండాది," అనేదాకా వచ్చాడు.

సరిగ్గా అప్పుడే ప్రెసిడెంటుగారు గొడుగేసుకుని గట్టెక్కారు. చెరువు శుభ్రం చేస్తున్నారని చూడ్డానికొస్తే, ఇరవైమంది ఊపిరి బిగబట్టి ముళ్ళకంప తెచ్చి చెరువులో పడేస్తున్నారు. "ఇదేనా మీరు చేసే బాగు?" అన్నారాయన. ఎక్కడనుంచి మొదలుపెట్టి చెప్పాలి? టీచరమ్మ చేతిలో కంప చేతిలోనే ఉండిపోయింది. అవ్వ ఒక గ్లాసులో మజ్జిగ పోసి ఆయనకు ఇవ్వబోయింది, తొందరలో సగం ఆయన చొక్కామీదే పోసింది.

నీళ్ళలోంచి పెద్దాయన గొంతు వచ్చింది. "అయ్యా, నేను సెప్తా. ఈళ్ళు మాకు తప్పు సేసినారు. అది మీకు సెప్పాలనే వచ్చినా. కానీ అడిగిన రోజే ఒప్పుకున్నారు, ఇదో, గొంతుదాకా దిగి దిద్దుతా ఉండారు. ఈ రోడ్డుమీద ఎన్నో బస్సులు పొయ్యినాయి. మేమేం ఇడిసిపెట్టి పొయినామో అని ఎనక్కొచ్చి సూసినోణ్ణి నేనీయప్పనే సూసినా. బస్సు ఆగనీ అయ్యా." ప్రెసిడెంటుగారు గట్టు ఈ చివరనుంచి ఆ చివరదాకా నడిచి చూసి, వెనక్కొచ్చి మజ్జిగ గ్లాసు అడిగి తీసుకున్నారు. ఇంకో గ్లాసు కూడా తాగారు. ముళ్ళకంచె మాట ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.

నీళ్ళలోంచి బయటికొచ్చాక కండక్టరన్న తలలు లెక్కపెట్టి, రైట్ చెప్పడానికి మెడ తడుముకున్నాడు. విజిల్ లేదు. తాడు ఏదో కుప్పలో ముళ్ళకు తగులుకుని తెగి ఉంటుంది. పెద్దాయన తమవాణ్ణొకణ్ణి మునిగి వెతకమన్నాడు.

"వద్దులేప్పా," అన్నాడు కండక్టరన్న, చొక్కా పిండుకుంటూ. "ఆడనే ఉండనీ. మీ సొత్తు మేం పీకినాం, మా సొత్తు మీకాడ ఉండనీ. మళ్ళా ఎప్పుడన్నా అడక్కుండా మీ కంప మీద సెయ్యేస్తే, అది నాకు ఇయ్యొద్దు." తర్వాత రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఊదబోయాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. అందరం ఒకేసారి, "రైట్ రైట్!" అని అరిచాం.

డిపోలో విజిల్ ఎట్లా పోయిందో రాసివ్వమన్నారట. "చేపలకు ఇచ్చాను" అని రాసిచ్చానని మాతో చెప్పేవాడు. నిజమో కోతో తెలియదు. బస్సులోకి కొత్త విజిల్ వచ్చింది కానీ, ఆదివారం మాత్రం మెడలో తాడు వేసుకోకుండా వచ్చేవాడు. అడిగితే, "ఈడ నాది ఒకటి ఉండాది గదా," అని నీళ్ళవైపు గడ్డం ఎత్తేవాడు.

ఆ తర్వాత అది మా అలవాటైపోయింది. నెలకొక ఆదివారం తప్పకుండా కలిసేవాళ్ళం. దేనిమీద చెయ్యి వేసినా ముందు, "ఇది ఎవురిదన్నా ఉందా?" అని గట్టిగా మూడుసార్లు అడగాలని ఆయన రూలు పెట్టాడు. ఒకసారి అలా అడిగితే తుంగలోంచి, "నాదే" అని చాకలాయన లేచి వచ్చి తన గుడ్డల మూట తీసుకుపోయాడు. నా పెళ్ళయింది, ఉద్యోగంలో పైకొచ్చాను, చెవి దగ్గర జుట్టు నెరవడం మొదలైంది. ఎవరైనా నన్ను, ఆఫీసులో అంత ఓపిక ఎట్లా వచ్చిందమ్మా అని అడిగితే, ఒక ఇడ్లీ ఆకు వల్ల వచ్చిందని చెప్తాను. వాళ్ళకు అర్థం కాదు. పోయిన ఏడాదికి ముందు ఏడాది ఆయన రిటైరైనప్పుడు దండలు వేస్తుంటే, "పూలు రాలకుండా వెయ్యండప్పా, ఏరేది నేనే," అన్నాడు.

కర్మ రోజున తిరుపతిలో వాళ్ళింటికి వెళ్ళాం. వదిన గోడకానుకుని కూర్చుని ఉంది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "ఇంట్లో తిన్న కంచం తియ్యని మనిషి మా. ఆదివారమైతే సాలు, ఊరోళ్ళ ఎంగిలాకులెత్తను పరుగు," అంది. నా చెవి దగ్గరికి వంగి, "పూడ్సిపెట్టే సంచికి మా ఊరి పేరు పెట్టినాడంట గదా, నిజమేనా?" అని అడిగింది. ఎదురుగా కూర్చున్న డ్రైవరన్న తల దించుకుని, "నిజమే మా," అన్నాడు. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. ఆ ఇంట్లో ఆ రోజు మొదట నవ్వింది ఆమే, ఆ తర్వాత అందరం నవ్వాం.

మొన్న ఆదివారం మళ్ళీ గట్టుమీద కలిశాం. ఎవరూ ఎవరికీ కబురు పంపలేదు, అయినా అందరూ వచ్చారు. టైలరన్న కుట్టిన కొత్త సంచులమీద టీచరమ్మ బొగ్గుతో ఊళ్ళ పేర్లు రాసింది. ఎప్పుడూ మునిమాపుకు వచ్చే బెస్తవాళ్ళ పెద్దాయన ఈసారి పొద్దున్నే వచ్చి కూర్చున్నాడు. అన్నీ ఉన్నాయి, పిలిచే గొంతు లేదు. వంగి ఏరుతున్నాం కానీ అదొక శిక్షలా ఉంది, ఎవరి పని వాళ్ళది.

అప్పుడు మలుపులోనుంచి ఒక వణికే గొంతు లేచింది. "నగరి... నగరి... నగరి! ఎక్కండే, సూస్తారేంది! మద్రాసు, మద్రాసు! ఏర్పేడుకు ఎవురూ లేరా?" మజ్జిగవ్వ. ఈ జన్మలో బస్సెక్కని మనిషి కుండ పక్కన కర్ర పట్టుకుని నిలబడి, ఆ ఊళ్ళన్నీ తానే తిరిగొచ్చినట్టు పిలుస్తోంది. నేను ఒక పేలిక పైకెత్తి, "నగరీ ఒకటి!" అని అరిచాను. గట్టు చివరనుంచి ఎవరో, "మద్రాసు రెండు!" అన్నారు. ఇక ఆగలేదు.

ఇప్పుడు వానలు లేక చెరువు తగ్గింది. ఆయన పెట్టిన కంప నీళ్ళపైకి తేలి కనబడుతోంది, కొమ్మలమీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. అందులో ఎక్కడో ఆయన విజిల్ ఉంది. ఇన్నేళ్ళలో ఈ చెరువులో మేం ఏరకుండా వదిలేసిన వస్తువు అదొక్కటే. ఈసారి నీళ్ళు తక్కువ కదా, వెతికి తీయమంటారా అని పెద్దాయన అడిగితే, అందరం ఒకేసారి వద్దన్నాం.

పదింటికి పలమనేరు బస్సొచ్చి ఆగింది. జనం దిగి మజ్జిగ తాగారు. ఒక గుండాయన పులుసన్నం తిన్న ఆకు మడిచి అటూ ఇటూ చూసి, అవ్వ కర్రతో చూపించిన సంచిలో వేశాడు. పది నిమిషాలయ్యాయి. మీసాలు సరిగా రాని కొత్త కండక్టరు మెట్లమీద నిలబడి రెండుసార్లు విజిల్ ఊదాడు. గట్టుమీదున్న మేమంతా ఒక్కసారి తలెత్తాం. ఒక్కరూ బస్సువైపు చూడలేదు. అందరం నీళ్ళలోని ఆ కంపవైపు తిరిగాం.